పాక్ జలసంధికి ఆవలి ఒడ్డు

సికింద్రాబాద్ వాసులకు సముద్రం దూరపు చుట్టం. మన పిల్లలకు పడవ ప్రయాణమంటే లుంబినీ పార్కు దగ్గర ఎక్కి, హుసేన్ సాగర్ నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం దాకా వెళ్ళి రావడమే. మన పూర్వుల సంగతి ఇలా ఉండేది కాదు. కుతుబ్ షాహీల ఏలుబడిలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రపు రేవులకు ఓడలు సాగేవి. వర్తకులతో పాటు హజ్ యాత్రికులు కూడా వాటిలో పయనించేవారు. తరువాతి కాలంలో దక్కను యాత్రికులు రైలులో బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కి, రోజుల తరబడి నీటి మీద గడిపి జిద్దాలో దిగేవారు. 1995లో ఆ ఓడలు నిలిచిపోయాయి. దానితో సముద్ర ప్రయాణమన్న మాట మన ఇళ్ళలో పెద్దల జ్ఞాపకంగా మిగిలిపోయింది.

ఇప్పుడు ఆ అనుభవం చిన్న పరిమాణంలో మళ్ళీ మనకు అందుబాటులోకి వచ్చింది. తమిళనాడులోని నాగపట్నం నుంచి శ్రీలంక ఉత్తర తీరంలోని కాంకేశన్‌తురైకి ప్రయాణికుల ఓడ నడుస్తున్నది. దూరం సుమారు 110 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. సెలవుల్లో మూడు నాలుగు రోజులు కుటుంబంతో ఒక ద్వీపాన్ని చూసి రావాలనుకునే వారికి ఇది చక్కని అవకాశం. ఈ ప్రయాణానికి కావలసిన సమాచారాన్ని పాఠకుల ముందు ఉంచడం ఈ వ్యాసపు మొదటి ఉద్దేశం. ఆ ఒడ్డున మన కోసం ఒక పాఠం కూడా వేచి ఉంది. దానిని చూడకుండా తిరిగి రాకూడదని చెప్పడం రెండవ ఉద్దేశం.

సముద్రం, విశ్వాసి

విహారం ఇస్లాంలో నిషిద్ధమైన విషయం కాదు. భూమిలో సంచరించి సృష్టి ఆరంభాన్ని, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తుంది. నీటిపై సాగే ఓడను అల్లాహ్ సూచనలలో ఒకటిగా అది పేర్కొంటుంది. అన్కబూత్ సూరా మానవ స్వభావాన్ని గురించి ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. ఓడ ఎక్కినప్పుడు మనిషి చిత్తశుద్ధితో ఏకైక ప్రభువునే వేడుకుంటాడు, క్షేమంగా ఒడ్డు చేరగానే ఆయనకు సాటి కల్పించడం మొదలు పెడతాడు. ఓడ ప్రయాణం తలపెట్టిన ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఇది.

సముద్రం దాటి ఒక ద్వీపంలో అడుగుపెట్టిన తొలి ముస్లిముల చరిత్రలో ఒక మహిళ పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. ఆమె హజ్రత్ ఉమ్మె హరామ్ బిన్తె మిల్హాన్ (రజి). ఆమె హజ్రత్ అనస్ (రజి) గారికి పినతల్లి. దైవప్రవక్త (స) ఒకనాడు ఆమె ఇంట విశ్రమించి, చిరునవ్వుతో మేల్కొని, తన సముదాయంలో కొందరు సింహాసనాల మీది రాజుల వలె సముద్రంపై పయనించడం తనకు చూపబడిందని తెలిపారు. తాను కూడా వారిలో ఉండేలా ప్రార్థించమని ఆమె కోరారు. ఆయన ప్రార్థించారు. ఏళ్ళు గడిచాక, హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, భర్త హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి)తో కలిసి ఆమె సైప్రస్ ద్వీపానికి ఓడలో వెళ్ళారు. అక్కడ వాహనం మీది నుంచి పడి మరణించారు. లార్నకా పట్టణం చెంత, ఉప్పు సరస్సు ఒడ్డున, ఆమె సమాధిని ఈనాటికీ చూపిస్తారు. ఆమె ప్రయాణ లక్ష్యం వేరు, మన విహారం వేరు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము. అయితే ఎడారి నగరంలో జీవించిన ఒక స్త్రీ సముద్రాన్ని చూసి భయపడక, ఆ ప్రయాణాన్ని దుఆగా కోరుకున్నదన్న సంగతి మన ఇళ్ళలోని ఆడపిల్లలకు తప్పక చెప్పదగినది.

తెగిన దారి, తెరుచుకున్న దారి

భారతదేశానికి, శ్రీలంకకు నడుమ ఉన్న పాక్ జలసంధి లోతు తక్కువైన సముద్రం. ధనుష్కోటి, తలైమన్నార్‌ల మధ్య అది మరీ ఇరుకు. 1914 ఫిబ్రవరిలో పాంబన్ రైలు వంతెన ప్రారంభమైంది. ఆ వెంటనే మార్చిలో ధనుష్కోటి నుంచి తలైమన్నార్‌కు స్టీమర్లు మొదలయ్యాయి. మద్రాసులో రైలెక్కినవాడు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో జలసంధి దాటి, తలైమన్నార్‌లో మరో రైలెక్కి కొలంబో చేరేవాడు. రైలూ ఓడా కలిసిన ఆ ప్రయాణానికి బోట్ మెయిల్ అని పేరు వచ్చింది. వర్తకులు, తేయాకు తోటల కూలీలు, యాత్రికులు అర్ధశతాబ్దం పాటు ఆ దారిన నడిచారు.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న ప్రయాణికుల రైలు అందులోని వారందరితో సహా అలల పాలైంది. ఆ తరువాత ఓడను రామేశ్వరం నుంచి నడిపారు. 1983లో శ్రీలంకలో అంతర్యుద్ధం రాజుకోవడంతో ఆ దారి కూడా మూతపడింది. 2009లో యుద్ధం ముగిశాక, 2011లో తూత్తుకుడి నుంచి కొలంబోకు ఒక ఓడ మొదలైంది గాని, కొద్ది నెలలకే ఆగిపోయింది.

చివరకు 2023 అక్టోబరు 14న నాగపట్నం, కాంకేశన్‌తురైల మధ్య ‘చెరియపాణి’ అనే ఓడ ప్రారంభమైంది. ఈశాన్య ఋతుపవనాలు ముంచుకురావడంతో ఆ ఏటికి అది కొద్దిరోజుల ముచ్చటే అయింది. 2024 ఆగస్టు 16న ‘శివగంగై’ అనే 150 సీట్ల ఓడతో ఒక ప్రైవేటు సంస్థ సర్వీసును మళ్ళీ మొదలు పెట్టింది. తుఫాను దారి మార్పించింది, యుద్ధం దారిని మూసింది, శాంతి తిరిగి తెరిచింది. మనం కొనే టికెట్టు వెనుక ఇంత చరిత్ర ఉంది.

బయలుదేరే ముందు

ఇది విదేశీ ప్రయాణం కనుక పసిబిడ్డతో సహా అందరికీ పాస్‌పోర్టు కావాలి. మన ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. శ్రీలంక ప్రవేశానుమతిని ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో ముందుగానే పొందాలి. రుసుములు, నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక దళారుల మాటలు నమ్మక, స్వయంగా చూసుకోవడం మంచిది.

సికింద్రాబాద్ నుంచి చెన్నైకి ఒక రాత్రి రైలు ప్రయాణం. చెన్నై నుంచి నాగపట్నం రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. కారైక్కాల్ వెళ్ళే రాత్రి రైలు కూడా నాగపట్నం మీదుగా పోతుంది. ఓడ సాధారణంగా ఉదయం బయలుదేరుతుంది, తనిఖీలకు గంటల ముందే రేవుకు చేరాలి. అందుచేత ముందురోజే నాగపట్నం చేరి బస చేయడం క్షేమం. ఓడ వారంలో అన్ని రోజులూ నడవకపోవచ్చు. అక్టోబరు చివర మొదలై జనవరి వరకు ఉండే ఈశాన్య ఋతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, అప్పుడు సర్వీసును ఆపివేస్తారు. వాతావరణం చెడితే ఇతర నెలల్లోనైనా ఓడ రద్దు కావచ్చు. తిరుగు ప్రయాణానికీ, పిల్లల బడి తెరిచే రోజుకూ మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోవడం తెలివైన పని.

నాగపట్నంలో చేతికి దొరికే ఆ సాయంత్రాన్ని వృథా చేయకూడదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన దేశపు ప్రధాన భూభాగంలో అత్యధిక ప్రాణనష్టం జరిగింది ఈ జిల్లాలోనే. ఒక్క ఉదయాన వేలమంది మరణించారు. ఆ తీరంలో నిలబడి మృతుల కోసం, మిగిలినవారి కోసం పిల్లలకు రెండు మాటలు చెప్పడం వారి మనసులో నిలుస్తుంది.

కొద్ది మైళ్ళ దూరంలోనే నాగూరు ఉంది. 16వ శతాబ్దపు సూఫీ షాహుల్ హమీద్ గారి దర్గాకు ఐదు ఎత్తైన మినార్లు ఉన్నాయి. తమిళ తీరపు మరైక్కాయర్ ముస్లిములు తరతరాల ఓడ వర్తకులు. తుఫానులో చిక్కిన నావికులు ఆయన పేరును స్మరించి మొక్కుకున్న కథలు ఆ ఊరిలో కొల్లలుగా వినిపిస్తాయి. సమాధులను దర్శించడం మరణాన్ని గుర్తు చేసుకోవడానికి, మరణించినవారి కోసం అల్లాహ్‌ను వేడుకోవడానికే. నడిసముద్రంలో మొర ఆలకించేవాడు అల్లాహ్ ఒక్కడే. అన్కబూత్ సూరా చేసిన హెచ్చరికను గుర్తు చేసుకోవడానికి ఓడ ఎక్కబోయే ముందటి ఆ సాయంత్రాన్ని మించిన సమయం లేదు.

ఓడలో నమాజు

మన ఊరు దాటి ఇంత దూరం వెళ్ళేవారు షరీఅత్ దృష్టిలో ముసాఫిర్లు. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులుగా చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. హనఫీ మార్గం ప్రకారం ఒకేచోట పదిహేను రోజులు ఉండాలని సంకల్పించనంత వరకు ఖస్ర్ కొనసాగుతుంది. కనుక మూడు నాలుగు రోజుల విహారం మొత్తానికీ అది వర్తిస్తుంది. ముసాఫిర్ స్థానిక ఇమామ్ వెనుక నిలిచినప్పుడు మాత్రం నాలుగు రకాతులు పూర్తిగా చేయాలి.

నాగపట్నంలోనూ, జాఫ్నాలోనూ ముస్లిములలో అధికులు షాఫియీ మార్గాన్ని అనుసరిస్తారు. అక్కడ అస్ర్ అజాన్ మనకన్నా ముందు వినిపిస్తుంది. ప్రయాణంలో జుహ్ర్‌ను అస్ర్‌తో, మగ్రిబ్‌ను ఇషాతో కలిపి చేయడానికి వారి మార్గంలో అనుమతి ఉంది, మన హనఫీలు హజ్‌లో తప్ప అలా చేయరు. ఈ తేడాలను చూసి పిల్లలు ఆశ్చర్యపడతారు. ఒకే ఖుర్ఆన్‌ను, ఒకే ప్రవక్త (స)ను అనుసరించే ఇమాముల మధ్య ఇంత విశాలత ఉందని వారికి నేర్పడానికి అదే అదను.

ఖిబ్లా దిశ కూడా మారుతుంది. సికింద్రాబాద్‌లో మనం పడమరకు కాస్త ఉత్తరంగా తిరుగుతాము. దక్షిణాన ఉన్న నాగపట్నంలో, జాఫ్నాలో మరో ఎనిమిది డిగ్రీల మేర ఉత్తరానికి జరగాలి. ఓడలో అయితే బయలుదేరే ముందే దిక్సూచితో దిశను గుర్తించుకోవాలి. నమాజు మధ్యలో ఓడ మలుపు తిరిగితే, తెలిసినంత మేరకు మనం కూడా తిరగాలి. నిలబడగలిగినవారు నిలబడే చేయాలి, తల తిరిగేవారు కూర్చుని చేయవచ్చు. వెళ్ళేటప్పుడు ఉదయపు ప్రయాణం కనుక జుహ్ర్‌కు సాధారణంగా ఒడ్డు చేరతాము. వచ్చేటప్పుడు ఓడ మధ్యాహ్నం బయలుదేరితే అస్ర్ సమయం నీటి మీదనే వస్తుంది. అందుకని వుజూతో ఓడ ఎక్కడం అలవాటు చేసుకోవాలి. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని సహాబీలు అడిగినప్పుడు ఆ నీరు పరిశుద్ధమైనదని దైవప్రవక్త (స) బదులిచ్చారు.

కడుపులో తిప్పడం చాలామందికి తప్పదు. ఉదయం తేలికపాటి ఆహారం తీసుకోవడం, ఓడ మధ్యభాగంలో కూర్చోవడం, దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీత వైపు చూస్తూ ఉండడం ఉపకరిస్తాయి. వైద్యుని సలహాతో మాత్రను ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. సముద్ర ప్రయాణంలో వాంతులతో బాధపడే వారికి కూడా పుణ్యఫలం ఉందని హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటుంది. చిన్న బాధను ఓర్చుకోవడానికి అది పెద్ద ఓదార్పు.

తాటిచెట్ల ద్వీపకల్పం

కాంకేశన్‌తురై నుంచి జాఫ్నా పట్టణం ఇరవై కిలోమీటర్ల లోపే. బస్సు, ఆటో దొరుకుతాయి. యుద్ధకాలంలో నిలిచిపోయి 2015లో తిరిగి మొదలైన రైలు కూడా ఉంది. దారి పొడవునా తాటిచెట్లే. కోస్తా జిల్లాలలో బంధువులున్న వారికి ఆ నేల పరాయిదిగా తోచదు. ముంజలు, తాటిబెల్లం, తేగలు అక్కడి అంగళ్ళలో కూడా కనిపిస్తాయి. తేగలను ఎండబెట్టి పిండి చేసి వంటల్లో వాడతారు.

ఈ తీరానికి వచ్చిన ముస్లిం యాత్రికులలో ఇబ్నె బతూతా ఒకరు. 1344లో ఆయన ఓడ ఈ ద్వీపపు పశ్చిమ తీరానికి చేరింది. ఉత్తర ప్రాంతాన్ని ఏలుతున్న ఆర్యచక్రవర్తి ఆయనను ఆదరించి, ఆదం శిఖరాన్ని చూసి రావడానికి మనుషులను తోడిచ్చి పంపాడు. ముస్లిం కాని రాజు ముస్లిం బాటసారికి చేసిన ఆ మర్యాదను ఇబ్నె బతూతా తన యాత్రా గ్రంథంలో కృతజ్ఞతతో నమోదు చేశాడు.

పట్టణంలో పోర్చుగీసులు కట్టగా డచ్చివారు విస్తరించిన కోట ఉంది. దాని ప్రాకారం మీద నుంచి సాయంకాలపు సముద్రాన్ని చూడవచ్చు. మరునాడు కురికట్టువాన్ రేవు నుంచి పడవలో సుమారు గంట ప్రయాణించి నెడుంతీవు ద్వీపానికి వెళ్ళి రావచ్చు. డెల్ఫ్ట్ అన్నది దానికి డచ్చివారు పెట్టిన పేరు. పగడపు రాళ్ళను పేర్చి కట్టిన ప్రహరీలు, ఐరోపావారి కాలం నుంచి స్వేచ్ఛగా తిరుగుతున్న పొట్టి గుర్రాలు అక్కడి ప్రత్యేకతలు. పిల్లలకు ఈ యాత్రలో బాగా నచ్చేది బహుశా ఈ రోజే.

భోజనం విషయంలో కొంత జాగ్రత్త అవసరం. జాఫ్నా పీతల కూరకు ప్రసిద్ధి. హనఫీ మార్గంలో సముద్ర జీవులలో చేప మాత్రమే అనుమతించబడింది, పీత కాదు. షాఫియీ మార్గంలో పరిధి విశాలమే అయినా, పీత గురించి వారి పండితులలోనూ చర్చ ఉంది. మాంసం తినదలచినవారు ముస్లిముల భోజనశాలలను వెతుక్కోవాలి. లేనిచోట చేప, అన్నం, కూరగాయలతో సరిపెట్టుకోవచ్చు. కొబ్బరి, మిరియాలు, చింతపండు కలిసిన అక్కడి వంట మన నాలుకకు కొత్తది కాదు.

దగ్ధమైన గ్రంథాలయం, ఖాళీ అయిన వీధి

జాఫ్నాలో తప్పక చూడవలసిన కట్టడం ప్రజా గ్రంథాలయం. తెల్లని గుమ్మటాలతో ఉన్న ఆ భవనం 1981 జూన్ 1 తెల్లవారేసరికి బూడిదైంది. దుండగుల మూక పెట్టిన మంటలలో తాళపత్రాలతో సహా దాదాపు 97,000 గ్రంథాలు కాలిపోయాయి. జాఫ్నా తమిళుల గుండెలో ఆ గాయం ఇప్పటికీ మానలేదు. రెండేళ్ళకే అంతర్యుద్ధం మొదలైంది. భవనాన్ని పునర్నిర్మించి 2003లో తిరిగి తెరిచారు. సందర్శకులు లోనికి వెళ్ళి నిశ్శబ్దంగా చూసి రావచ్చు.

అక్కడి నుంచి సోనకర్ తెరువుకు వెళ్ళాలి. సోనకర్లంటే శ్రీలంకలోని తమిళ ముస్లిములు. పోర్చుగీసులు వారిని మూర్లు అన్నారు. అరబ్బు వర్తకుల కాలం నుంచి ఆ ద్వీపంలో ఉన్న సముదాయమిది. వారి ఇంటి భాష తమిళం, బడి భాష తమిళం, మసీదులో ప్రసంగం కూడా తమిళమే. తెలుగులో మాట్లాడితే ‘మీరు ముస్లిములేనా’ అని ప్రశ్నించబడే మనకు వారి స్థితి సులభంగా అర్థమవుతుంది.

1990 ఆ సముదాయానికి చీకటి సంవత్సరం. ఆగస్టు 3న తూర్పు తీరంలోని కాత్తాన్‌కుడిలో ఇషా నమాజు చేస్తున్న వారిపై రెండు మసీదులలో కాల్పులు జరిపి వందమందికి పైగా చంపివేశారు. అక్టోబరులో ఉత్తర రాష్ట్రంలోని ముస్లిములంతా వెళ్ళిపోవాలని తమిళ పులులు ఆజ్ఞాపించారు. అక్టోబరు 30న జాఫ్నా ముస్లిములను ఉస్మానియా కళాశాల మైదానానికి రమ్మన్నారు. మన విశ్వవిద్యాలయాన్ని తలపించే పేరు గల ఆ కళాశాల ఆవరణలో వారికి ఇచ్చిన గడువు రెండు గంటలు. ఇల్లు, అంగడి, నగలు, డబ్బు అన్నీ అక్కడే వదలాలి. స్త్రీల చెవుల కమ్మలు కూడా తీయించారు. ఉత్తర రాష్ట్రం మొత్తం మీద 70,000 మందికి పైగా ముస్లిములు కొద్ది రోజుల్లోనే నిర్వాసితులయ్యారు. అత్యధికులు దక్షిణాన పుత్తళం చుట్టుపక్కల శిబిరాలలో తలదాచుకున్నారు. రెండు గంటలలో వదిలిన ఊరికి తిరిగి రావడానికి చాలామందికి ఇరవై ఏళ్ళు పట్టింది. శిబిరాలలో పుట్టిన పిల్లలకు పుత్తళమే సొంత ఊరైంది. పైకప్పు లేని ఇళ్ళు, తెగని భూమి తగాదాలు చూసి ఎందరో తిరిగి రానే లేదు. వచ్చిన వారు మసీదులను బాగు చేసుకున్నారు, బడిని నిలబెట్టుకున్నారు, అంగళ్ళు తెరిచారు.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. 1981లో తమ పుస్తకాలు కాలిపోతుంటే చూసి విలపించినవారు జాఫ్నా తమిళులు. ఆ దుఃఖం నుంచి, అటువంటి మరెన్నో దుఃఖాల నుంచి పుట్టిన సాయుధ ఉద్యమం పదేళ్ళు తిరగకముందే తమకన్నా బలహీనులైన పొరుగువారిని కట్టుబట్టలతో వెళ్ళగొట్టింది. తమకు జరిగిన అన్యాయమే తమకు ఆ హక్కు ఇచ్చిందని వారు భావించారు. ఆనాడు పొరుగు తమిళులెందరో కన్నీరు పెట్టుకున్నారని వెళ్ళిపోయిన ముస్లిములే చెప్పుకున్నారు. వెళ్ళగొట్టినది తుపాకి పట్టినవారే గాని పొరుగింటివారు కాదు. ఈ భేదాన్ని మరచి ఒక జాతిని మొత్తంగా ద్వేషిస్తే మనం చూసినది చూడనట్టే.

ఈ పాఠం మనకు కూడా వర్తిస్తుంది. 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం నాడు, ఇస్లాం పేరు చెప్పుకున్న కొద్దిమంది అదే దేశంలో చర్చిలలో, హోటళ్ళలో బాంబులు పేల్చి 260 మందికి పైగా అమాయకులను బలిగొన్నారు. ఆ తరువాత కొన్ని వారాలకు, ఏ పాపమూ ఎరుగని ముస్లిముల ఇళ్ళు, అంగళ్ళు మూకల దాడులకు గురయ్యాయి. ఒకరి నేరానికి మరొకరు శిక్ష అనుభవించారు. ఒక జాతి పట్ల ఉన్న వైరం మిమ్మల్ని న్యాయం నుంచి మరలించకూడదని మాయిదా సూరా విశ్వాసులను ఆదేశిస్తుంది. అన్యాయానికి గురైన వానికి న్యాయం కోరే హక్కు పుడుతుంది, అన్యాయం చేసే హక్కు మాత్రం ఎన్నటికీ పుట్టదు. పుస్తకాలలో చదివినప్పుడు సులభంగా తోచే ఈ మాట బరువు సోనకర్ తెరువులో నడిచినప్పుడు తెలుస్తుంది.

అతిథిగా మన కర్తవ్యం

అక్కడికి వెళ్ళిన కుటుంబం చేయగలిగినది పెద్దదేమీ కాదు. ఒక పూట నమాజు ఆ వీధి మసీదులో చేయాలి. సలామ్ చెప్పడానికి భాష అడ్డురాదు. శుక్రవారమైతే, ముసాఫిర్‌పై జుమా విధి కాకపోయినా, తమిళ ఖుత్బా వినే అవకాశం వదులుకోకూడదు. వారి అంగళ్ళలో కొనాలి, వారి భోజనశాలలో తినాలి. 2022లో ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలినప్పుడు కష్టపడని ఇల్లు లేదు. అతిథి కొనే ఒక సరుకు దానం కన్నా గౌరవమైన సహాయం. తమిళుల అంగళ్ళలోనూ అదే మనసుతో కొనాలి.

శిథిలమైన ఇళ్ళ ముందు నిలబడి ఫోటోలు దిగడం, ఆనాడు ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగడం తగదు. వారంతట వారు చెబితే వినాలి. మన దేశంలోని తగాదాలను అక్కడికి మోసుకుపోకూడదు, అక్కడి గాయాలను ఇక్కడికి తెచ్చి మన పొరుగువారి మీద కోపంగా మార్చకూడదు. స్త్రీలు మహ్రమ్ తోడుతో, పర్దా నియమాలతో నిశ్చింతగా ఈ యాత్ర చేయవచ్చు. పెద్దలను కూడా తీసుకుపోగలిగితే మరీ మంచిది. హజ్ ఓడ ఎక్కిన అమ్మానాన్నల మాటలు విన్నవారు కొందరు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. నాలుగు గంటల నీటి ప్రయాణంలో వారు చెప్పగలిగిన సంగతులు పిల్లలు ఇంకెక్కడా వినలేరు.

విహారం కోసం డబ్బు ఖర్చు చేసే స్థోమత అల్లాహ్ కొందరికి ఇచ్చాడు. ఆ ఖర్చుకు లెక్క చెప్పవలసిన రోజు కూడా ఉంది. ఆ రోజున చూపడానికి సముద్రతీరపు ఫోటోలు చాలవు. న్యాయం గురించి పిల్లలకు ఒక్క విషయమైనా కళ్ళారా చూపించి ఉంటే, పొరుగు దేశపు ఒక కుటుంబం పేరు మన దుఆలో చేరి ఉంటే, ఆ మూడు రోజులు వృథా కాలేదని చెప్పుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో, ఓడ పాక్ జలసంధి నడుమకు చేరినప్పుడు, రెండు ఒడ్డులూ కనిపించవు. అప్పుడు అస్ర్ కోసం ఖిబ్లా వైపు నిలిచి, రెండు ఒడ్డుల వారి క్షేమం కోసం ఒకే దుఆ చేయాలి.